మట్టెలకు సరిపోయే బూట్లు

సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. కొత్తగూడ చౌరస్తాలో సిటీ బస్సు జాడ లేదు. షేర్ ఆటోల వాళ్లు కూడా ఆ వారం బండ్లు బయటికి తీయలేదు. రాయదుర్గంలో ఒక ఆఫీసు బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని చేసే రేణుకకు డ్యూటీ మాత్రం పొద్దున ఏడింటికే ఉంది. గంట సేపు నడిచి పోవాలి, గంట సేపు నడిచి రావాలి. సోమవారం దారి మధ్యలో రబ్బరు చెప్పు తెగింది. పిన్నీసు పెట్టుకుని నడిస్తే మంగళవారం మళ్లీ తెగింది.

రెండో రోజు ఆమె చేరేసరికి ఎనిమిదైంది. సూపర్‌వైజర్ మహేందర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అక్కా, మా నాయిన గూడ ఊర్లె రోడ్డు మీదనే కూసున్నడు. సమ్మె నాది గూడ. కని పై సార్లకు నేను జవాబు చెప్పాలె గద. ఇంకోపారి ఆలస్యమైతే నీ జాగల వేరేటోళ్లను పెట్టుమంటరు."

రేణుక తల ఊపింది. మూడేళ్లుగా చేస్తున్న పని అది. ఆరో అంతస్తు మొత్తం ఆమెదే. ఏ కుర్చీ కింద ఏ సారు చాక్లెట్ కాగితాలు పడేస్తాడో కూడా తెలుసు.

మర్నాడు వారపు సెలవు. పొద్దున్నే వీరేశం బూట్ల దుకాణానికి వెళ్లింది. బంద్ కాబట్టి షట్టర్ సగమే లేచి ఉంది. వంగి లోపలికి దూరింది.

"బంద్ల గూడ అమ్ముతున్నవా అన్నా?"

"చెప్పు తెగినోళ్లకు బంద్ ఏంది చెల్లె. కూసో." వీరేశం స్టూలు జరిపాడు. ఆమె చెప్పింది విని, "నడకకైతే స్పోర్ట్స్ బూట్లే మంచిగుంటయి. కని బూట్లు కొనాలంటే పొద్దుమీకి రావాలె. నడిచి నడిచి పాదం ఉబ్బుతది. అప్పుడు పట్టిందే అసలు సైజు," అన్నాడు.

"పొద్దుమీకి మళ్ల ఎవలు వస్తరు. ఇప్పుడే ఇయ్యి. జర గట్టిగ పట్టేదే ఇయ్యి. కొత్తయి ఎట్లన్న వదులైతయి."

"చెప్పులు వదులైతయి గని బూట్లు గట్ల గావు," అంటూనే లేత గులాబీ రంగు జత తీశాడు. కాలు సగం దూరి ఆగిపోయింది. రెండో వేలికున్న వెండి మట్టె లోపల గుడ్డను పట్టుకుంది.

"ఇంకొంచెం వెడల్పుది చూపిస్త," అన్నాడు వీరేశం.

కానీ రేణుక కళ్లు గులాబీ రంగు మీదే ఉన్నాయి. ఆరో అంతస్తులో ఒక మేడమ్ వేసుకొచ్చే బూట్లు సరిగ్గా ఆ రంగే. ఆమె అటు తిరిగి మట్టెలు తీసింది. కొంగు చివర ముడి వేసుకుంది. ఈసారి కాలు నున్నగా దూరింది. బురద గల్లీలో వాటితోనే నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

గడప దగ్గర అత్త నర్సమ్మ చింతపండు పిక్క తీస్తూ కూర్చుంది. కోడలు బూట్లు విప్పడం చూసింది. బూట్లను చూడలేదు, వేళ్లను చూసింది.

"మట్టెలేవే?"

"కొంగుల ఉన్నయత్తా. బూటుల పడుతలేవు."

నర్సమ్మ కేకలు వేయలేదు. చింతపండు గిన్నె పక్కన పెట్టింది. "ఏస్కో," అంది.

రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న రేణుక భర్త భాస్కర్ దుప్పటి లోంచి తల బయటపెట్టాడు. అతను పక్క అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. "పోనియ్యవే అమ్మా. నేను ముంగటనే పండుకొని ఉన్న గద. నాకేమైతది?"

"నువ్వు నోర్మూసుకొని పండు. మట్టెలు లేని కాళ్లు ఒక్కింట్ల ఒక్క జత సాలు."

భాస్కర్ దుప్పటి కప్పుకున్నాడు. మామ పోయి పదకొండేళ్లు. నర్సమ్మ రెండో వేలి చుట్టూ సన్నటి గాడి ఇప్పటికీ కనిపిస్తుంది. రేణుక కొంగు ముడి విప్పి మట్టెలు తొడుక్కుంది. తొడుక్కున్నాక బూటు వేసి చూస్తే నాలుగడుగులు కూడా నడవలేకపోయింది.

"రేపు ఏడింటికి పోవాలత్తా. మల్ల ఆలస్యమైతే పని పోతది."

"పొద్దుమీకి నేనొస్త పద," అంది నర్సమ్మ.

సాయంత్రం ఇద్దరూ షట్టర్ కింద వంగి దూరారు. వీరేశం బూట్లు తిరగేసి అడుగున అంటిన బురద చూశాడు.

"పెద్దమ్మా, రోడ్డు మీద నడిచినయి వాపస్ తీసుకోను."

"ఎట్ల తీసుకోవు? గింత ఇరుకు బూట్లు ఎట్లమ్మినవ్? ఇవి మనుషుల కాళ్లకు చేసినయా, మేకల కాళ్లకు చేసినయా?"

"పొద్దున పట్టినయి. నీ కోడలినే అడుగు."

"దాన్ని అడుగుడెందుకు? నేను సూపెడ్త. సూడు, కాలు దూరుతదో లేదో." నర్సమ్మ స్టూలు మీద కూర్చుని బూటులో కాలు పెట్టింది.

కాలు దూరింది. మడమ దాకా మెత్తగా కూర్చుంది. నర్సమ్మ మాట మధ్యలో ఆపి కిందికి చూసింది. వీరేశం చేతి బొటనవేలితో బూటు ముందు నొక్కాడు.

"బొటనేలు ముంగట వేలంత సందున్నది. నీ కోసమే చేసినట్టున్నది పెద్దమ్మా."

"నాకెందుకు బూట్లు? నేనేమన్న ఉరుకుతనా?" అంటూ రెండోది కూడా తొడిగింది. తలుపు దాకా నడిచింది. తిరిగి వచ్చింది. మళ్లీ తలుపు దాకా నడిచింది. "మడిమెల నొప్పి తెలుస్తలేదే రేణుకా."

"మరి నాకు?" అంది రేణుక.

వీరేశం అట్టముక్క కింద పెట్టి, మట్టెలతోనే ఆమెను నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీశాడు. గీత పట్టుకుని అర మీద అన్ని జతలూ వెతికి, చివరికి నీలం రంగు జత ఒకటి తెచ్చాడు. ఎండ పడే అద్దం పక్కన ఉండి ఒక బూటు రంగు కొంచెం వెలిసిందట, తక్కువకే ఇస్తానన్నాడు. "ముందు వెడల్పు. మట్టె తగలదు. కని మొగోళ్లయి."

రేణుక అత్త వైపు చూసింది.

"చీరెలమ్మేటోళ్లు అందరు మొగోళ్లే. మనం కొంటలేమా?" అంది నర్సమ్మ, నడుము దగ్గరి సంచి విప్పుతూ.

మర్నాడు ఐదున్నరకు ఇద్దరూ బయలుదేరారు. చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరూ కలిసి వండుకుని తింటారు. కూరగాయలు తరగడానికి నర్సమ్మ కత్తిపీట చంకలో పెట్టుకుంది. చీర కింద గులాబీ బూట్లు టపటపమంటున్నాయి.

చౌరస్తా చేరేలోపు రేణుక లేసు రెండుసార్లు ఊడింది. కట్టుకోవడానికి రెండుసార్లూ ఆగింది.

"గిట్ల ఆగుకుంట పోతే ఎన్మిదైతది," అని నర్సమ్మ కత్తిపీట కింద పెట్టి వంగింది.

రేణుక చప్పున కాళ్లు వెనక్కి తీసుకుంది. "వద్దత్తా. నువ్వు నా కాళ్లు ముట్టుకుంటవా? పాపం తగులుతది."

"నీ కాళ్లు ఎవలు ముట్టుకున్నరే. నేను బూటు ముట్టుకుంటున్న. ఇటు పెట్టు."

గడ్డిమోపు కట్టే ముడి వేసింది. రెండు కాళ్లకూ వేసి, లాగి చూసి, వెళ్లమంది.

ఖాళీ రోడ్డు మీద రేణుక ఎక్కడా ఆగలేదు. గేటు దగ్గర మహేందర్ గడియారం చూసుకున్నాడు. ఏడు కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. తర్వాత కిందికి చూశాడు.

"బావ బూట్లు ఏసుకొచ్చినవా అక్కా?"

"నాయే."

"సరే, ఇడిచి ఆఫీసు చెప్పులు తొడుక్కో."

రేణుక స్టూలు మీద కూర్చుని లేసు లాగింది. ముడి కదల్లేదు. మహేందర్ వచ్చి గోళ్లతో ప్రయత్నించాడు. సెక్యూరిటీ సాయిలు తాళంచెవితో ప్రయత్నించాడు.

"ఎవలు కట్టిండ్రిది?"

"మా అత్త."

మహేందర్ లేచి చేతులు దులుపుకున్నాడు. ఒక పాత తడిగుడ్డ ఇచ్చి, "అడుగులు మంచిగ తుడుచుకొని పైకి పో," అన్నాడు. "పొద్దుమీకి మీ అత్తే ఇప్పాలె."