నీటిగుర్రాల మోటారు

నేను ఒక మోటారును. మోటారనగానే బావిలోంచి నీళ్లు తోడి డాబా మీదికెక్కించే ఘనుణ్ణి ఊహించుకోకండి, అంత సీను నాకు లేదు. టిఫిన్ డబ్బా అంత ఉంటాను. గాలి పీల్చి, సన్నటి గొట్టంలోంచి చేపల తొట్టిలోకి వదలడం నా ఉద్యోగం. నా పొట్టలో ఒక రబ్బరు పొర ఉంది. కరెంటు వస్తే అది టపటపా కొట్టుకుంటుంది, నేను గుర్రుమంటాను, నీళ్లలో బుడగలు లేస్తాయి. నా బతుకంతా ఇంతే. అయినా చెప్పుకోవడానికి ఒక రోజుంది కాబట్టి నోరు విప్పాను.

పుట్టింది ఏ ఊళ్లోనో తెలియదు. అట్టపెట్టె తెరిచేసరికి విజయనగరంలో ఒక క్షౌరశాలలో ఉన్నాను. అక్కడ బంగారు చేపలకు గాలి పోసేవాణ్ణి. గడ్డం గీయించుకోవడానికొచ్చిన పెద్దమనుషులు చేపలను చూసి మురిసిపోయి, ఈ గోలేమిటయ్యా కట్టెయ్ అని నన్ను తిట్టేవారు. చేపలు కావాలిట, వాటికి గాలి పోసే చప్పుడు మాత్రం వద్దుట. ఆ తర్వాత ఒక భోజన హోటలుకు చేరాను. అక్కడ జనం తొట్టిలో చేపలను ముద్దుచేస్తూనే విస్తట్లో చేపల వేపుడు లాగించేవారు. మనుషుల ప్రేమ ఎప్పుడు ఎటు తిరుగుతుందో కనిపెట్టడం నా వల్ల కాలేదు.

హోటలు మూతపడ్డాక కృపావరం మాస్టారు నన్ను భీమిలి తెచ్చారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. సముద్రం ఒడ్డున ఒక్క గది తీసుకుని, కావలసిన అనుమతులన్నీ సంపాదించి, వలల్లో చిక్కి దెబ్బతిన్న సముద్రపు గుర్రాలను తొట్టిలో పెట్టి సాకుతున్నారు. వేలెడంత ప్రాణులు. మూతి అచ్చం గుర్రానిదే, తోక మాత్రం గడ్డిపోచకు చుట్టుకుని ఉంటుంది. పడుకోవడం లేదు, పరిగెత్తడం లేదు, ఎప్పుడు చూసినా నిలువుగా నిలబడి ఆలోచిస్తుంటాయి.

వాటి ఆలనాపాలనా నూకరత్నానిది. జాలరిపేట మనిషి, నోరు పెద్దది, మనసు వెన్న. గది ముందు బోర్డు మీద మాస్టారు ‘సముద్రపు గుర్రాలు’ అని రాయించారు గానీ, ఆవిడ నోట అవెప్పుడూ నీటిగుర్రాలే.

“నీటిగుర్రం అంటే ఏనుగుకి తమ్ముడిలా ఉండే జంతువు నూకరత్నం. జూలో ఉంటుంది,” అని మాస్టారు వెయ్యిసార్లు చెప్పారు.

“నీట్లో ఉన్న గుర్రాన్ని నీటిగుర్రం అనకపోతే ఏటంతారు మాస్టారూ?” అని ఆవిడ వెయ్యిసార్లూ అడిగింది. ఆయన ప్రతిసారీ బోర్డు వైపు వేలు చూపించేవారు.

ఆ గుర్రాల్లో ఒక మగదంటే నూకరత్నానికి ప్రాణం. ఆవిడ తమ్ముడి వలలో తోక నలిగి వచ్చింది. నూకరత్నమే పక్కన కూర్చుని బతిమాలి చిట్టి రొయ్యలు తినిపించి బతికించుకుంది. అల్లుడు అని పేరు కూడా పెట్టింది. ఈ జాతిలో కడుపు మోసేది మగదే. అల్లుడి పొట్ట ఉబ్బిన రోజున మాస్టారు నవ్వుతూ “నీ అల్లుడు నెల తప్పాడు” అన్నారు. ఆయన సరదాకన్నారు గానీ నూకరత్నం నిజంగానే చలిమిడి చేసి, తొట్టి అద్దానికి పసుపూ కుంకుమా పెట్టి సీమంతం జరిపించింది. ఆ గదిలో ఇంతవరకు ఒక్క పిల్లా పుట్టలేదు. ఈసారైనా పిల్లలను కళ్లజూడాలని ఆవిడ కొండంత ఆశ పెట్టుకుంది.

అల్లుడికి నొప్పులు మొదలైన పొద్దునే నా రబ్బరు పొర చిరిగింది. ఏం ముహూర్తం చూసుకున్నానో చూడండి. గుర్రుమంటున్నాను గానీ గాలి లేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కొత్తది తెప్పిద్దాం తెప్పిద్దాం అని ఎన్నాళ్లుగానో నెట్టుకొస్తున్న మాస్టారు తల పట్టుకున్నారు. విశాఖలో కొట్టుకు ఫోన్ చేస్తే, బస్సులో పంపిస్తాం, సాయంత్రానికి అందుతుంది అన్నారు. అప్పటిదాకా గుర్రాలు ఆగుతాయా?

నూకరత్నం చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచి, ఎత్తునుంచి మళ్లీ తొట్టిలోకే ధార పోయడం మొదలుపెట్టింది. ధారతో పాటు కాస్త గాలి దిగుతుందని ఆవిడ ప్రయత్నం. గుర్రాలన్నీ పైకి చేరి మూతులు తెరుస్తున్నాయి. ఒక చేత్తో పోస్తూనే, రెండో చేత్తో పైడిరాజుకు ఫోన్ చేసింది. పైడిరాజు పొలాల మోటార్లు బాగుచేసే మనిషి, ఈ గది గుమ్మం ఎన్నడూ తొక్కలేదు.

“అన్నా, మా మోటారు ఆగిపోనాది. నీటిగుర్రాలకి ఊపిరాడట్నేదు. ఒకటి కడుపుతో ఉంది. నీకాడున్న మోటారు పట్టుకుని బేగి రా,” అంది.

“ఎన్నున్నాయి తల్లీ?”

“ఓ పదుంటాయి.”

అటువైపు ఎవరినో బండి తియ్యమని కేకేశాడు. తర్వాత “వస్తన్నాను” అని వినిపించింది.

వచ్చాడు. ట్రాలీ ఆటోలో తాళ్లతో బిగించి, చెరువు తోడే మోటారు ఒకటి, తొడంత లావు గొట్టం చుట్టలు చుట్టలుగా తెచ్చాడు. గుమ్మంలో ఆగి భయం భయంగా లోపలికి తొంగిచూశాడు.

“జంతువులేవి?” అన్నాడు.

నూకరత్నం గడ్డంతో తొట్టి చూపించింది. పైడిరాజు వంగి, ముక్కు అద్దానికి ఆనించి చాలాసేపు చూశాడు.

“ఈటికా? నాను జూలో చూసినవి అనుకున్నాను. పదున్నాయంటే ఒక మోటారు చాలదని ఇంకో బండి కూడా మాటాడీసొచ్చాను.”

మాస్టారు నూకరత్నం వైపు ఒక్క చూపు చూశారు. అంత కష్టంలోనూ ముగ్గురికీ నవ్వాగలేదు. నవ్వుతూనే నూకరత్నం కళ్లనీళ్లు పెట్టుకుంది. చెంబు మాత్రం ఆపలేదు.

“ఆడు నొప్పులు పడతన్నాడన్నా. పిల్లలు పుట్టీ గాలాడక పోతే నాను సూడనేను.”

“మగోడు నొప్పులు పడడం ఏటి?”

“ఈటిలో మగోడే కంతాడు.”

“ఈ మాట మాయావిడ చెవిన పడనీకు,” అన్నాడు పైడిరాజు.

ఈలోగా మాస్టారి చూపు ట్రాలీకి తగిలించిన అదనపు చక్రం మీద పడింది.

“పైడిరాజూ, ఆ స్టెప్నీలో గాలుందా?”

“నిన్ననే కొట్టించాను.”

“అయితే దించు.”

స్టెప్నీని తెచ్చి నా పక్కనే కూర్చోబెట్టారు. దాని మూతికి నా గొట్టం తగిలించి, గొట్టానికున్న బుల్లి కుళాయిని మాస్టారు వెంట్రుకవాసి తిప్పారు. తొట్టిలో బుడగలు లేచాయి. గుర్రాలు ఒక్కొక్కటీ కిందికి దిగి గడ్డిపోచలు పట్టుకున్నాయి. నా కుర్చీలో ఇంకొకడు కూర్చున్నందుకు అసూయ పడ్డానా అంటే పడ్డాను. కానీ ఆ బుడగలను చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

స్టెప్నీ మెత్తబడేకొద్దీ మాస్టారు సైకిలు పంపు పట్టుకుని, చొక్కా తడిసి ముద్దయ్యేలా కొట్టారు. పైడిరాజు నన్ను విప్పి, పాత ట్యూబు ముక్కతో కొత్త పొర కత్తిరిస్తున్నాడు. అప్పుడే అల్లుడు ముందుకు వంగాడు. పొట్టకున్న సంచి మూతి విచ్చుకుంది. పిల్లలు గుప్పుగుప్పున బయటికొచ్చాయి. ఒక్కోటీ బియ్యపుగింజంత, మూతీ తోకా అన్నీ ఉన్న పూర్తి గుర్రాలు. రాగానే వెతుక్కుని ఒకదాని తోక ఒకటి పట్టుకున్నాయి. నూకరత్నం తొట్టి ముందు చతికిలబడి, వేలితో ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పైడిరాజు కత్తెర పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు.

ట్యూబు పొర నాకు సరిపోయింది గానీ మందం ఎక్కువైంది. నా ఊపిరి సగానికి పడిపోయింది. సాయంత్రం బస్సులో కొత్త మోటారు నిగనిగలాడుతూ దిగింది. మాస్టారు నన్ను పాత సామాన్ల బుట్టలో వేశారు. తప్పు పట్టను, పెద్ద తొట్టికి బలమైన గాలి కావాలి మరి.

పిల్లలను వేరే చిన్న గాజుతొట్టిలోకి మార్చి, కొత్త మోటారునుంచే దానికీ ఒక గొట్టం లాగారు. పిల్లలన్నీ సుడిలో గిర్రున తిరిగి అద్దాలకు కొట్టుకున్నాయి. కుళాయి బిగిస్తే బుడగే రాదు, కాస్త వదిలితే మళ్లీ సుడి. మాస్టారు దిగులుగా చూస్తుండగా నూకరత్నం ఆ గొట్టం పీకేసి, బుట్టలోంచి నన్ను బయటికి తీసింది.

“ఈ ముసిలోడి ఊపిరి చాలు మాస్టారూ ఈ పిల్లగుంటలకి,” అంది.

స్విచ్చి వేసింది. తొట్టి అడుగునుంచి ఒక బుడగ మెల్లగా లేచింది. దాని వెనక ఇంకొకటి. పిల్లలు చెదరలేదు, పట్టుకున్న తోకలు వదల్లేదు. చాలా తొట్లకు గాలి పోశాను. ఊపిరి పోశాననిపించింది మాత్రం ఆ సాయంత్రమే.