పిచ్చమ్మ ఎడంచెయ్యి

రేపల్లె బజారులో ఎండుచేపలమ్మే పిచ్చమ్మ దగ్గరికి పొద్దున్నే వచ్చే ఆడవాళ్లలో సగం మంది చేపలు కొనరు. గంప ముందు గొంతుక్కూర్చుని, నాలుగు చేపలు తిరగేసి, వాసన చూసి, బేరమాడినట్టే ఆడి, చివరికి అసలు సంగతి బయటపెడతారు.

"పిచ్చమ్మత్తా, మా ఆయన వేటకెళ్లి మూడు రోజులైంది. ఎట్టున్నాడో కాస్త చూసి చెప్పవా?"

పిచ్చమ్మ ఎడంచేతి మూడు వేళ్లు మోకాలి మీద ఆనించి కళ్లు మూసుకుంటుంది. ఎప్పుడో జ్వరమొచ్చినప్పుడు ఆ మనిషి మణికట్టు ఆవిడ ఒక్కసారి పట్టుకుని ఉంటే చాలు, ఇక ఆ నాడి ఆవిడ చేతిని వదిలిపోదు. మనిషి మద్రాసులో ఉన్నా నడిసముద్రంలో ఉన్నా ఆవిడ వేళ్ల కింద కొట్టుకుంటూనే ఉంటుంది.

"బాగానే ఉన్నాడు. పీకలదాకా కల్లు తాగాడు, నాడి తూలుతోంది."

"పడవ మీద కల్లెక్కడిదత్తా?"

"అయితే పడవ మీద లేడన్నమాట" అని పిచ్చమ్మ కళ్లు తెరిచేది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో జరిగే రామాయణం ఊరంతా వినేది.

అన్ని నాడుల్లో ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందని అడిగితే, "తిరనాళ్లలో పదిమంది పిల్లలు ఏడుస్తున్నా తల్లికి తన పిల్ల గొంతు తెలీదా?" అనేది. ఊళ్లో ఎవరికీ ఇందులో వింతేమీ కనిపించలేదు. తపాలా కంటే పిచ్చమ్మ చెయ్యి త్వరగా కబురు చెబుతుందని అందరికీ తెలుసు. చిన్నా చితకా జబ్బులకి కషాయమో పసరో ఇచ్చేది. తన వల్ల కాదనుకుంటే మొహమాటం లేకుండా "ఇది ఆసుపత్రి జబ్బు, బస్సెక్కండి" అనేది.

అన్ని నాడులూ ఒక ఎత్తు, ఒక్క నాడి ఒక ఎత్తు. అది తెనాలి డాక్టరు బసవేశ్వరరావుది. పన్నెండేళ్లుగా పిచ్చమ్మ దాన్ని పగలూ రాత్రీ వింటోంది. అది ఆగిపోయే రోజు కోసం వింటోంది. ఆ సంగతి దాచుకోనూ లేదు. పక్కన గంపలు పెట్టుకునే వాళ్లు "ఏంటత్తా, ఇయ్యాలెలా ఉన్నాడు మీ డాక్టరు?" అని ఆటపట్టిస్తే, "చచ్చినాడు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాడే" అని పళ్లు కొరికేది.

అంత కసి ఊరికే పుట్టదు.

సుబ్బులు ఆవిడకి ఒక్కతే కూతురు. అరవై నాలుగులో తొలిచూలు, ఎనిమిదో నెల. కాళ్లు ఉబ్బాయి, తల పగిలిపోయే నొప్పి, కళ్ల ముందు మిణుగురులు. పిచ్చమ్మ వేళ్ల కింద కూతురి నాడి పడవ తాడు బిగించినట్టు బిగుసుకుపోయింది. ధనియాల కషాయం కాచి పట్టింది. తగ్గకపోయేసరికి, ఆలస్యం చెయ్యకుండా అల్లుడు ఏడుకొండల్ని వెంటబెట్టుకుని కూతుర్ని తెనాలి తీసుకెళ్లింది. బసవేశ్వరరావు భార్య పేరున కొత్తగా కట్టించిన హైమావతి నర్సింగ్‌హోమ్ మెట్లెక్కించింది.

ఆ రోజు శనివారం. డాక్టరు పట్టుపంచె కట్టుకుని అమృతలూరులో ఎవరి పెళ్లికో బయల్దేరుతున్నాడు. వరండాలో నర్సులున్నారు, మందుల కంపెనీ మనుషులిద్దరున్నారు.

"బాబుగారూ, పిల్ల నాడి బిగుసుకుపోయిందండి. ఇయ్యాలే కాన్పు చెయ్యకపోతే దక్కదండి" అంది పిచ్చమ్మ.

"నువ్వు నాడి కూడా చూస్తావా? ఏం చేస్తుంటావేంటి?"

"ఎండుచేపలమ్ముతానండి."

"చేపలమ్ముకునేదానివి, నీకేం తెలుసే నాడి సంగతి!" అని డాక్టరు నవ్వాడు. నవ్వితే పోనీ, లాల్చీ చెయ్యి పైకి లాగి మణికట్టు చాపాడు. "సరే, చూడు. పొద్దున నేనేం తిన్నానో చెప్పు. చెప్తే నీ కూతుర్ని ఇప్పుడే చూస్తాను."

ఆయన మనసు కరుగుతుందేమోనని పిచ్చమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. తిన్నదేంటో పట్టగానే చెప్పడం ఎవరి తరం? తెలీదండి అంది. అందరూ నవ్వారు. అప్పుడు కాళ్లు పట్టుకుంది. "సోమవారం చూద్దాంలే" అని కాళ్లు వెనక్కి లాక్కుని ఆయన కారెక్కాడు. రక్తపోటు చూసే మిషను గదిలో పెట్టి తాళం వేసుకుని మరీ వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ వరండాలోనే సుబ్బులుకి ఫిట్స్ వచ్చాయి. కాంపౌండరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. కూతురి నాడీ, కడుపులో బిడ్డ నాడీ పిచ్చమ్మ ఎడంచేతి కింద ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి.

సోమవారం డాక్టరు వచ్చి, కాగితం తెప్పించుకుని, నాటుమందు వికటించి మరణం అని రాశాడు. ఏడుకొండలుకి చదివి వినిపించాడు కూడా. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదీ. ఏడుకొండలు అత్తగారి వైపు చూసి, "కాయితం మీద రాసుందిగా" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిచ్చమ్మ గుమ్మం తొక్కలేదు. పోయిన పిల్ల ఎటూ పోయింది. కొడుకులా చూసుకున్న అల్లుడు తననే హంతకురాలనుకోవడం పిచ్చమ్మ గుండెల్లో దిగబడిపోయింది.

మిగిలిందల్లా ఆ డాక్టరు నాడి. ఆయనే చెయ్యి చాపి ఇచ్చిన నాడి. ఆయన మెట్లెక్కినా, కోపపడినా, కమ్మగా నిద్రపోయినా ఆవిడకి తెలిసేది. తాను కలో గంజో తాగుతూ, "తింటున్నాడు, తిననీ" అనుకునేది. ఆయన కంటే ఒక్క రోజైనా ఎక్కువ బతకాలని చలికాలం ఉన్ని కండువా కప్పుకునేది, వానలో తడిసేది కాదు.

డెబ్బై నాలుగులో బాపట్ల నుంచి కుసుమకుమారి అనే డాక్టరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. మిల్లు యజమాని దశరథరామయ్య పెట్టించిన ధర్మాసుపత్రిలో ఆవిడ పనిచేస్తోంది. పిచ్చమ్మ బస్సెక్కించి పంపిన ముగ్గురు ఆవిడ దగ్గరికే చేరారు. ముగ్గురి విషయంలోనూ పిచ్చమ్మ చెప్పిందే నిజమైంది.

"పెద్దమ్మా, వారానికి రెండు రోజులు వచ్చి మా దగ్గర కూర్చోవా?" అని డాక్టరమ్మ చీర కుచ్చెళ్లు మట్టిలో పడుతున్నా గంప ముందు గొంతుక్కూర్చుంది.

"వస్తానమ్మా. కానీ నేను చెప్పిన మాట కూడా కాయితం మీద రాయాలి."

కుసుమకుమారి రాసింది. ఒక పొడుగాటి పుస్తకం కొని రెండు గడులు గీసింది. ఒకదాంట్లో తన మిషను చెప్పిన మాట, రెండోదాంట్లో పిచ్చమ్మ చెయ్యి చెప్పిన మాట. రెండూ కలిస్తే మందిచ్చి ఇంటికి పంపడం. రెండింటికీ తేడా వస్తే, రోగి ఎంతటివాడైనా, ఆ పూట ఆసుపత్రి మంచం మీద ఉంచుకుని చూడటం. అదొక్కటే పద్ధతి. ఆ పద్ధతి మీద రెండేళ్లలో పాతికమందికి పైగా బతికి బట్టకట్టారు. తేడా వచ్చినవాళ్లలో కొందరికి ఏమీ లేదని కూడా తేలింది. అదీ రాశారు. పిచ్చమ్మ చదువు రాకపోయినా సాయంత్రం తన గడి మీద వేలు పెట్టి చదివించుకుని గానీ బస్సెక్కేది కాదు.

చేపలావిడ పక్కన ఎమ్బీబీయస్ కూర్చోవడం కొందరు పెద్దలకి కంటగింపైంది. తెనాలి నుంచి పేరున్న డాక్టర్ని పిలిపించి, ఉంచమంటే ఉంచుదాం, తీసెయ్యమంటే తీసేద్దాం అన్నారు దశరథరామయ్య గారు. వచ్చే పెద్దమనిషి పేరు బసవేశ్వరరావు అని కుసుమకుమారి చెప్పినప్పుడు పిచ్చమ్మ తలవంచుకుని వక్క కొరుకుతోంది. అలాగేనమ్మా అంది, అంతే.

అప్పటికి నెల రోజులుగా ఆ నాడి సరిగ్గా లేదు. నడుస్తూ నడుస్తూ ఒక దెబ్బ తప్పేది. గురువారం పొద్దున ఆరింటికి ఏకంగా ఆగిపోయింది. అప్పుడు పిచ్చమ్మ చేప పొలుసు గీరుతోంది. కత్తి పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది. నీళ్లు ధారగా పడుతున్నట్టు, మనిషి జర్రున జారి కూలబడినట్టు, వేళ్లకి అన్నీ తెలిశాయి. పది లెక్కపెట్టేలోగా నాడి మళ్లీ లేచి, భయంతో పరుగందుకుంది. గోడ పట్టుకుని లేచాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాడి కుదుటపడేది, మధ్యాహ్నం దాకా పడలేదు.

శనివారం పదింటికి బసవేశ్వరరావు కారు దిగాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. పిచ్చమ్మని చూసి గుర్తుపట్టలేదు. చూపు ఆవిడ మీద నుంచి గోడ గడియారం మీదికి పోయింది. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లు ఈ మనిషిని చేతిలో పెట్టుకుని తిరిగింది, ఈయనకి ఆవిడ ముఖం కూడా గుర్తులేదు.

పుస్తకం అటూ ఇటూ తిరగేసి, "బానే గీశావమ్మా గడులు. ముగ్గులు కూడా వేస్తావా?" అన్నాడు. దశరథరామయ్య మర్యాదకి నవ్వాడు.

"ఒక్కసారి చూడండి సార్, మీకే తెలుస్తుంది" అంది కుసుమకుమారి.

"అలాగే. నన్నే చూడండి." కుర్చీలో కూర్చున్నాడు. కుసుమకుమారి మిషను కట్టింది. నూటముప్పై, ఎనభై. గుండె విన్నది, తప్పేమీ దొరకలేదు. రాసింది. తర్వాత ఆయన పిచ్చమ్మ వైపు మణికట్టు చాపాడు.

పట్టుకోకుండానే చెప్పగలదు. అయినా పట్టుకుంది. పద్ధతి పద్ధతే.

"ఈయన్ని ఇయ్యాల పంపొద్దమ్మా. నాడి మధ్యలో ఆగుతోంది" అంది.

కుసుమకుమారి కలం ఆగింది, మళ్లీ కదిలింది. రెండో గడిలో ఆ మాట రాసింది. "సార్, తేడా వచ్చింది. మా పద్ధతి ప్రకారం ఈ పూట మీరిక్కడ ఉండాలండి."

"పద్ధతి రోగులకమ్మా, నాకు కాదు" అని బసవేశ్వరరావు పెద్దగా నవ్వాడు. కానీ పిచ్చమ్మ ఇంకా చెయ్యి వదల్లేదు. నవ్వు కింద నాడి గిలగిల్లాడటం ఆవిడకి తెలుస్తూనే ఉంది. ఆయన ముందుకు వంగి, దశరథరామయ్యకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"సరే. మొన్న గురువారం పొద్దున నాకేమైందో చెప్పు. చెప్తే ఇక్కడే పడుకుంటాను."

వేళాకోళం కాదది. అడుగుతున్నాడు. చెప్పమని ఆ నాడి ప్రాధేయపడుతోంది. స్నానాల గది అని ఒక్క మాట అంటే చాలు, ఈ మహానుభావుడు చొక్కా విప్పి మంచమెక్కుతాడు. కుసుమకుమారి పక్కనే ఉండి, మందిచ్చి, బతికిస్తుంది. రేపు తెనాలి వెళ్లి, పిచ్చమ్మ గొప్పదని తనే ఊరంతా చెబుతాడు కూడా. ఈ ఆసుపత్రిలో తన చోటు కలకాలం ఉంటుంది. ఇవన్నీ పిచ్చమ్మకి తెలిశాయి. ఆవిడ వెర్రిబాగులది కాదు.

చెయ్యి వదిలేసింది.

"నాకేం తెలుసు బాబుగారూ. చేపలమ్ముకునేదాన్ని."

బసవేశ్వరరావు వెనక్కి వాలాడు. ఊపిరి వదిలాడు. పదకొండింటికి, ఈ తంతు ఆపించమని తెనాలి నుంచి ఉత్తరం రాస్తానని చెప్పి కారెక్కాడు. అమృతలూరులో భోజనానికి ఎవరో ఎదురుచూస్తున్నారట. కుసుమకుమారి కారు దాకా వెంటపడి మళ్లీ చెప్పింది. అద్దం ఎత్తేశాడు.

పిచ్చమ్మ కుడిచేత్తో రోగుల్ని చూస్తూ కూర్చుంది. ఎడంచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. నలభై నిమిషాలకి ఆ నాడి ఒకసారి తడబడింది, రెండుసార్లు గట్టిగా కొట్టింది, ఆగింది. ఆవిడ పది లెక్కపెట్టింది. నూరు లెక్కపెట్టింది. ఇక లేవలేదు. ఆవిడకి సంతోషమేసింది. అబద్ధమెందుకు, కడుపునిండా తిన్నంత సంతోషమేసింది. సుబ్బులు పోయాక మళ్లీ అంత హాయి ఎరగదు.

డాక్టరు కార్లోనే పోయాడని చెరుకుపల్లి నుంచి డ్రైవరు ఫోను చేశాడు. కుసుమకుమారి ఫోను పెట్టేసి వచ్చి, గది తలుపు దగ్గరికి వేసింది.

"పెద్దమ్మా, గురువారం ఆయనకేమైందో నీకు తెలుసా?"

"తెలుసమ్మా. స్నానాల గదిలో పడ్డాడు. గోడ పట్టుకుని లేచాడు."

"మరి అడిగితే ఎందుకు చెప్పలేదు?"

పిచ్చమ్మ అప్పుడు సుబ్బులు సంగతంతా చెప్పింది. ఏడవలేదు. నాటుమందు అని రాసిన కాగితం సంగతి మాత్రం రెండుసార్లు చెప్పింది. కుసుమకుమారి అంతా విన్నది. పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"పంపొద్దని నువ్వన్న మాట రాశాను. తెలిసీ తెలీదన్నావు. అదీ రాస్తాను పెద్దమ్మా."

"రాయమ్మా. జరిగిందేగా రాస్తున్నావు" అంది పిచ్చమ్మ. "రాసి చదువు, నిశానీ వేస్తా."

డాక్టరమ్మ రాసి, చదివి, సిరా దిండు తెచ్చింది. పిచ్చమ్మ ఎడంచేతి బొటనవేలు అద్ది, ఆ గడిలో గట్టిగా నొక్కింది. వేలు తుడుచుకుంటూ అడిగింది.

"నన్ను ఉండమంటావా, పొమ్మంటావా?"

బయట బెంచీ మీద ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఒక చూలాలు గోడకి తల ఆనించి కళ్లు మూసుకుంది. కుసుమకుమారి ఆ పిల్ల ఉబ్బిన కాళ్ల వైపు చూసింది, బల్ల మీద పిచ్చమ్మ చేతి వైపు చూసింది.

"ఆ అమ్మాయిని రమ్మను" అంది.