ఈక్వెడార్ తరఫున

గీతికకు ఇండియా కావాలి. అది కాకపోతే అమెరికా అయినా సరే అనుకుంది. మెయిల్ తెరిచి చూస్తే ఈక్వెడార్ అని ఉంది.

భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు మోడల్ యూఎన్, అంటే ఐక్యరాజ్యసమితి నమూనా సభ, పోటీ పెట్టారు. అందులో ఒక్కొక్కరికీ ఒక్కో దేశం ఇస్తారు. ఆ దేశం ప్రతినిధిగా కూర్చుని, అది ఏం మాట్లాడుతుందో అదే మాట్లాడాలి. అమెరికా మన రొయ్యల మీద సుంకం పెంచేసి జిల్లా అంతా ఉడికిపోతున్న రోజులు కాబట్టి, చర్చాంశం కూడా రొయ్యల వ్యాపారమే.

గీతిక డిగ్రీ కాలేజీలో బీఏ పొలిటికల్ సైన్స్ చదువుతోంది. మార్కులు రాక కాదు, ఇష్టపడి చేరింది. ఆ మాట ఎవరూ నమ్మరు. పెళ్ళిళ్ళలో కనిపించిన బంధువులంతా "ఇంజనీరింగ్ సీటు రాలేదా అమ్మా?" అని జాలిగా అడుగుతారు. కాలేజీలో చూస్తే అంతర్జాతీయ రాజకీయాల పేపరుకు లెక్చరరే లేరు. హిస్టరీ చెప్పే హెలెన్ మేడం గైడు తెరిచి చదివిపోతారు. "ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు ఇస్తే పెద్ద దేశాలు వింటాయా మేడం?" అని గీతిక అడిగితే, "అది పరీక్షకు రాదమ్మా" అని పేజీ తిప్పేస్తారు.

అందుకే ఈ పోటీ అంటే గీతికకు అంత ఆశ. క్లాసులో అడగనివ్వని ప్రశ్నలన్నీ అక్కడ అడగొచ్చు. ఈక్వెడార్ వచ్చినందుకు ఒక పూట ఏడుపు ముఖం పెట్టింది, తర్వాత పనిలో పడింది. దక్షిణ అమెరికాలోని ఆ చిన్న దేశం అమెరికాకు ఎంత దగ్గరో, రొయ్యలు ఎలా పెంచుతుందో, మనకంటే ఎందుకు తక్కువకు అమ్మగలుగుతుందో దొరికినదల్లా చదివింది.

పోటీ రోజు ఇండియా బోర్డు వెనక ఫణీంద్ర అనే ఇంజనీరింగ్ కుర్రాడు కూర్చున్నాడు. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతున్నాడు. ప్రపంచంలో అతి పెద్ద ప్రజాస్వామ్యం మాది, మా రైతులు కష్టజీవులు అన్నాడు. చప్పట్లు కొట్టారు. గీతిక లేచింది. "ఇండియా రొయ్యల్లో యాంటీబయాటిక్స్ దొరికాయని అమెరికా సరుకు వెనక్కి పంపిన సంగతి గౌరవ ప్రతినిధి చెప్పలేదు. మందులు తగ్గించి పెంచే మా రైతులకు, వాళ్ళకు ఒకే సుంకం ఎందుకుండాలి? ఇండియాకు సుంకం తగ్గించడానికి ఈక్వెడార్ ఒప్పుకోదు" అంది ఇంగ్లీషులో. ఫణీంద్ర కాగితాలు తిరగేశాడు.

సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి వచ్చేశారన్నారు. చర్చ అక్కడే ఆగిపోయింది. ఓటింగ్ జరగలేదు. శాలువాలు, ఫొటోలు, ప్రసంగం. చివర్లో ఉత్తమ ప్రతినిధి ఫణీంద్ర అని ప్రకటించారు. ఎలా నిర్ణయించారని గీతిక అడిగితే నిర్వాహకుడు "ఓవరాల్ పర్సనాలిటీ అండి" అన్నాడు. ఆమె బస్సెక్కి ఊరికి వచ్చేసింది.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ కాలేజీ వాళ్ళు పెట్టిన వీడియోలోంచి ఎవరో ఆమె చివరి మాటలు మాత్రం కత్తిరించి, కింద తెలుగులో "మన రొయ్యకు మన అమ్మాయే శత్రువు" అని రాసి వాట్సాప్‌లో వదిలారు. మర్నాటికి అది రొయ్యల రైతుల గ్రూపులోకి వచ్చింది. ఆ గ్రూపులో గీతిక తండ్రి పల్లంరాజు కూడా ఉన్నాడు.

చెరువు మీద నుంచి వచ్చి ఆయన ఫోను కూతురి ముందు పెట్టాడు.

"ఇదేంటమ్మా?"

"పోటీ నాన్నగారూ. నాకు ఈక్వెడార్ ఇచ్చారు. వాళ్ళ తరఫున మాట్లాడాలి."

"వాళ్ళ తరఫున మనకెందుకు?"

"లాయర్ ఎదుటివాడి తరఫున మాట్లాడడా? అలాంటిదే."

"లాయరుకి ఫీజిస్తారు. నీకేం ఇచ్చారు?"

గీతికకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఫణీంద్రకు కప్పు ఇచ్చారని చెప్పలేదు.

కాలేజీలో హెలెన్ మేడం పక్కకు పిలిచి, ప్రిన్సిపాల్ గారికి ఫోన్లు వస్తున్నాయనీ, సారీ చెబుతూ చిన్న వీడియో పెట్టేస్తే గొడవ వదిలిపోతుందనీ అన్నారు.

"దేనికి సారీ మేడం? దేశాల వాదన ఎలా ఉంటుందో నేర్చుకోవడమేగా మన సబ్జెక్టు?"

"సబ్జెక్టు క్లాసులో ఉంటేనే మంచిదమ్మా."

"క్లాసులో ఎక్కడుంది మేడం!" అనేసి గీతిక బయటకు వచ్చేసింది. వీడియో పెట్టలేదు.

ఆదివారం రైతుల సంఘం సమావేశానికి అమ్మాయిని తీసుకురమ్మని బుల్లబ్బాయి గారు కబురు పెట్టారు. సంఘంలో ఆయన మాటే మాట. గీతిక వెళ్ళింది. వివరంగా చెబితే అర్థం చేసుకుంటారనుకుంది. చెప్పింది కూడా. ఎదుటి పక్షం ఏమంటుందో ముందే తెలిస్తేనే మన జవాబు సిద్ధం చేసుకోగలమంది. కొందరు తలూపారు. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు.

"ఆటే అనుకో. ఆటలోనైనా మనవైపు మాట్లాడొచ్చు కదమ్మా?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"నేను అన్నదాంట్లో అబద్ధం ఏదో చెప్పండి. దానికి క్షమాపణ చెబుతాను."

అబద్ధమని ఎవరూ అనలేదు.

"ఇంట్లో మాట వీధిలో అంటారా ఎవరైనా?" అని వెనక నుంచి ఎవరో కసిరారు. ఆ వెంటనే నలుగురూ కేకలు మొదలుపెట్టారు. గీతిక ఇంకేదో అనబోయింది. ఈలోపు పల్లంరాజు లేచి చేతులు జోడించాడు.

"చిన్నపిల్లండి. తెలియక అంది. దాని తరఫున నేను క్షమాపణ చెబుతున్నాను. ఇక్కడితో వదిలేయండి."

వదిలేశారు. కేకలు ఆగి టీలు వచ్చాయి. గీతిక టీ ముట్టుకోకుండా బయటకొచ్చి మోటారుసైకిల్ పక్కన నిలబడింది.

తిరిగి వస్తూ కాలవ గట్టు మీదకు వచ్చాక ఆమే అంది.

"తెలియక అనలేదు నాన్నగారూ. అన్నీ తెలిసే అన్నాను."

"నాకు తెలుసమ్మా."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

పల్లంరాజు బండి నెమ్మది చేశాడు. "ఈ కాలవలో పైచెరువులు బుల్లబ్బాయి గారివి. ఆయన తన తూములు మూసి కిందికి వదిలితేనే మన చెరువుకి నీళ్ళు. నువ్వు నెగ్గితే నాకేం వస్తది, చెప్పు?"

ఆ ప్రశ్న ఆమెను మరింత మండించింది. బలమైనవాడి పక్కన చిన్న దేశం ఎలా సర్దుకుపోతుందో తాను కిందటి పరీక్షలో నాలుగు పేజీల వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. అలా సర్దుకునేటప్పుడు ఇంట్లోవాళ్ళకు ఎలా ఉంటుందో అందులో రాయలేదు.

"నీళ్ళ కోసం మీరు క్షమాపణ చెప్పుకోండి. నాది మీరెలా చెబుతారు? నన్ను అడిగారా?"

ఆయన బండి వేగం పెంచాడు.

మర్నాడు పొద్దున్న గీతిక జడ వేసుకుంటుంటే వరండాలో తండ్రి ఫోను మాట్లాడుతున్నాడు. స్పీకర్ పెట్టి ఉంది.

"బుల్లబ్బాయి గారూ, నిన్న చెప్పిన క్షమాపణ నాదండి. అమ్మాయిది కాదు. అది చెప్పలేదు, చెప్పదు కూడా. ఆ మాట మీకు చెప్పాలనిపించి ఫోన్ చేశాను."

గీతిక జడ సగంలో వదిలేసి గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరిదైతే ఏంటండి, అయిపోయిందిగా" అన్నారు అవతల నుంచి తేలిగ్గా. "అది సరే గానీ, అమ్మాయి ఇవన్నీ చదువుతుందంటున్నారుగా. సుంకం ఎప్పుడు తగ్గుద్దో ఒకసారి అడిగి చెప్పండి."

పల్లంరాజు తల తిప్పి కూతురి వైపు చూశాడు. నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు.

"తెలీదని చెప్పండి" అంది గీతిక.