తొమ్మిదో షరతు

మధ్యాహ్నమైనా నిఖిత ముందున్న నలభై ఒక్క కాగితాల్లో ఒక్కదానిమీదా వేలిముద్ర పడలేదు. జింగనూర్ అంగన్‌వాడీ వరండాలో ఎండకు సిరా ప్యాడు రెండుసార్లు ఆరిపోయింది. పొద్దున్నే ఇప్పపూలు ఏరి వచ్చిన ఆడవాళ్లు గంపలు దించుకుని గోడవారగా కూర్చున్నారు. అందరూ లింగక్క వైపే చూస్తున్నారు. ఆమె వేలేస్తే తామూ వేస్తారు.

పని చిన్నదేనని చెప్పి పంపించాడు ట్రస్టు డైరెక్టరు సిద్ధార్థ్. రక్తకణాలు వంకరపోయే సికిల్ సెల్ జబ్బు మీద పరిశోధనకని నాలుగేళ్ల కింద ఈ ఊళ్లో రక్తం తీశారు. ఇప్పుడు దాన్ని ఇంకో పెద్ద సంస్థకు ఇవ్వాలి. చనిపోయినవాళ్ల తరఫున ఇంటివాళ్లు ఒప్పుకోవాలి. పత్రం రాసింది నిఖితే. ముంబైలో తొమ్మిదేళ్లు దాతల ట్రస్టులకు దస్తావేజులు రాసిన వకీలు. ‘మరణానంతరం కూడా నమూనా సంస్థ వద్దనే ఉండును’ అన్న తొమ్మిదో షరతు రాసేటప్పుడు ఆమె రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు.

ఆ షరతు చదివి వినిపించగానే లింగక్క తలెత్తింది.

"మా పెద్దబిడ్డ ఆశ రగతం ఇంక ఉన్నదా?"

"ఉన్నదక్కా."

"పిల్లను మట్టిల పెట్టి రెండేండ్లాయె. ఇంక ఎర్రగనే ఉన్నదా?"

నిఖితకు తెలీదు. రక్తం దాచే గదిలోకి ఆమె ఎన్నడూ వెళ్లలేదు. "చెడిపోకుంట పెడ్తరు. మిషన్ల. మంచుకన్న సల్లగ ఉంటది."

గోడవారనున్న ఆడవాళ్లు ముందుకు జరిగారు.

"సల్లగనా?" లింగక్క గొంతు తగ్గింది. "సలి తగిలితే బొక్కల నొప్పులు లేస్తయని మీ మందుల బండ్ల వచ్చిన డాక్టరమ్మనే చెప్పె. పిల్లను వాగుల దిగనియ్యలే. వానల తడ్వనియ్యలే. ఎండకాలం సుత గొంగడి కప్పిన. మీరేమో తీస్కపోయి మంచుల పెట్టిన్రా?"

"అది ఆశ కాదక్కా. ఉత్త రక్తం."

"జబ్బు రగతానికే గద వకీలమ్మా. మరి నొప్పి ఎక్కడుంటది?"

"గీ ముచ్చట ఆమె సదువుల లేనట్టుంది," అంది గోడవార కూర్చున్న గంగమ్మ. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

ఫోన్ మోగింది. సిద్ధార్థ్. ఇంకా ఒక్కటీ రాలేదని వినగానే మరాఠీలో విసుక్కున్నాడు. కాగితాలు ఇచ్చిన ఊరికి మాత్రమే మందుల బండి వస్తుందని సూటిగా చెప్పెయ్యమన్నాడు. పరిశోధనకూ వైద్యానికీ ముడిపెట్టకూడదన్నది నియమం. దాని మీద కిందటేడు అతని ఉపన్యాసం రాసిచ్చింది నిఖితే.

ఫోన్లో గొంతు లింగక్కదాకా వినిపించింది. ఆమెకు మరాఠీ వచ్చు. ఆమె చిన్న బిడ్డకూ అదే జబ్బు. బండి ఇచ్చే గోలీల మీదే ఆ పిల్ల బడికి పోతోంది. నెల గోలీలు బయట కొనాలంటే వారం కూలీ పోతుంది.

"వేలెయ్యకుంటే గోలీలు బంద్ జేస్తరా?"

నిఖితకు తల్లి గుర్తొచ్చింది. ఇదే తాలూకా సిరొంచలో పరాయి మళ్లల్లో నాట్లేసి బిడ్డను చదివించిన మనిషి. వేలు పెట్టమన్నచోటల్లా పెట్టేది. అందులో ఏం రాసుందని ఒక్కసారీ అడగలేదు.

"బంద్ కావక్కా."

ఆ మాట నిలబడుతుందో లేదో ఆమెకే తెలీదు. లింగక్క తల అడ్డంగా ఊపింది.

"నోటి మాట నాకొద్దు. కాయిదం మీద రాసియ్యి."

నిఖిత ఒక ఒప్పుకోలు పత్రం తిరగేసి వెనక రాసింది. వేలేసినా వేయకున్నా జింగనూర్‌కు మందులు ఆగవని. సంతకం పెట్టింది. సంస్థ ముద్ర లేదు. ఆ మాట ఇచ్చే అధికారమూ తనకు లేదు. ఉన్నది తన పేరొక్కటే.

లింగక్క దాన్ని మడిచి నడుముకు దోపుకుంది. సిరా ప్యాడుకు తనే మూత పెట్టింది.

"మా ఆశను ఆ మంచుల నుంచి ఏ దినం తెస్తవ్?" అంది. "ముందుగాల కబురు పెట్టు బిడ్డా. పొయ్యి రాజేసి పెడ్త."