నాలుగో ముక్క

ఆరో వాక్యం దగ్గర ఆగి, మలాకీ టాన్సీ ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తున్నాడు. వెన్న గురించి మూడువందల మాటలు మధ్యాహ్నానికి పంపాలి. "మా అమ్మమ్మ చిలికిన వెన్న" అని మొదలుపెట్టాడు గానీ, వాళ్ళ అమ్మమ్మ ఎన్నడూ వెన్న చిలకలేదు. స్లైగోలో ఒక బట్టల దుకాణంలో నేల తుడిచేది. పత్రికలవాళ్ళకు మాత్రం అమ్మమ్మ కావాలి, ఆమె చేతిలో కవ్వం కావాలి.

అతనికి యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి. ముప్పై ఏళ్ళు సంచీ మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. తండ్రి బురదనేలలో పొయ్యిలోకి కాల్చే టర్ఫ్ గడ్డలు కోసి బతికాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు మలాకీ ఒక్కడే. మావాడు పుస్తకాలు రాస్తాడని తండ్రి ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పుస్తకం రాలేదు. ఏ పత్రికలోనూ ఉద్యోగమూ రాలేదు. ఎవరడిగితే వాళ్ళకు రాస్తాడు: రొట్టెలు, తినే సముద్రపు నాచు, పాత బావులు, కప్పు కూలిన చర్చిలు.

గుడ్డు పెంకుల పక్కన ఒక బోర్డు నమూనా ఉంది. డ్రమ్‌కీల్ ఊరి చరిత్ర చెప్పే తొమ్మిది బోర్డుల్లో అది నాలుగోది. రొట్టెలకు పేరుపడ్డ ముసలామె అట్రాక్టా ఫీనీ ఇంటి గోడకు పెడతారు. ఆమె ఫోటో, ఫోటో కింద ఆమె మాట: "రొట్టె మీద శిలువలా ఎందుకు కోస్తామంటే, లోపలున్న గుట్టవాళ్ళు బయటికి పోవడానికి." గుట్టవాళ్ళంటే గుట్టల కింద ఉంటారని ఊళ్ళో చెప్పుకునే మాయమనుషులు.

ఆమె ఆ మాట అనలేదు.

వెన్నను అక్కడే వదిలేసి, కోటు తొడుక్కుని, చర్చి హాలుకు వెళ్ళాడు. బోర్డుల కమిటీ కార్యదర్శి సెలిన్ గిల్రాయ్ కుర్చీలు సర్దుతోంది.

"సెలిన్, నాలుగో బోర్డు మీద ఆ మాట తీసెయ్యాలి."

"గుట్టవాళ్ళ మాటా? పిచ్చిగానీ పట్టిందా? బస్సు దిగినవాళ్ళు ఆగి చదివేదే అది."

"ఆమె అలా అనలేదు."

"డబ్లిన్ పత్రికలో వచ్చింది కదా."

"అది రాసింది నేనే."

"మరింకేం! ఆధారం అని కింద నీ పేరే వేశాం. సంతోషించవయ్యా." అతని మొహం చూసి, చేతిలోని కుర్చీ కింద పెట్టింది. "సరే. నేననలేదు అని ఆమె చేత కాగితం మీద సంతకం పెట్టించుకురా. నాలుగింటికి అచ్చుకు పోతుంది. ఆ తర్వాత నా ప్రాణం తియ్యకు."

అట్రాక్టా ఇల్లు రెండు మైళ్ళు. సన్నటి వానలో సైకిలు తొక్కుతూ వెళ్ళాడు. పదకొండేళ్ళ కింద ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు. సంపాదకుడు ఫోన్ చేసి, "బావుంది గానీ చప్పగా ఉంది. గుట్టవాళ్ళ గొడవ ఏమైనా ఉందా ఇందులో?" అన్నాడు. "కొందరు అలా కూడా అంటారు" అన్నాడు మలాకీ. అంతే. మరుసటి నెల కూడా ఆ పేజీ తనకే ఇస్తారని ఆశ. అచ్చులో ఆ కొందరు పోయి, అట్రాక్టా మిగిలింది.

ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం చర్చి టీకి ఆమె రొట్టె వెళ్ళేది. వ్యాసం వచ్చిన వారం ఎవరో రొట్టె ముక్కను చెవి దగ్గర పెట్టుకుని, "ఇందులో ఇంకా ఎవరో మిగిలారర్రా" అన్నారు. హాలంతా నవ్వింది. మళ్ళీ ఆదివారం నుంచి రొట్టె రాలేదు.

తలుపు తీసే ఉంది. ఆమెను చూసుకునే పక్కింటి ఊనా దుకాణానికి బయల్దేరుతూ ఎదురైంది. అట్రాక్టా ఇనుప పొయ్యి పక్కన కుర్చీలో ఉంది. చాలా చిన్నదైపోయింది. ఉన్ని శాలువాలోంచి వేళ్ళు మాత్రం అల్లం కొమ్ముల్లా బయటికి వచ్చి ఉన్నాయి.

"ఎవరది? ఓహో, పత్రికాయనా! రెండు మైళ్ళు రావడానికి పదకొండేళ్ళు పట్టిందా అబ్బాయ్?"

"తప్పయింది, మిసెస్ ఫీనీ."

"నా గోడ మీద పిల్లలు బొమ్మబూట్లు పెట్టిపోయేవాళ్ళు, గుట్టవాళ్ళు తొడుక్కుంటారని. ఫాదర్ కూడా నవ్వాడు తెలుసా. ఫాదర్!"

మలాకీ బోర్డు సంగతి చెప్పి, రాసి తెచ్చిన కాగితం, పెన్ను ఇచ్చాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇది ఎవరి కోసం? నాకా, నీకా?"

దారంతా కూర్చుకున్న జవాబు పక్కన పెట్టి, "నా కోసమే ఎక్కువ" అన్నాడు.

"అద్గదీ. ఈసారికి నిజం చెప్పావు. పెడతాలే సంతకం. ముందు రొట్టె చెయ్యి. నా చేతులకు పిండి లొంగడం లేదు. అది పొయ్యిలోంచి వచ్చాక, టీ తాగి పెడతా."

గోడ గడియారం మూడుకు పది నిమిషాలు తక్కువ చూపుతోంది. అతను చొక్కా చేతులు మడిచాడు. పిండి, సోడా, ఉప్పు, మజ్జిగ. ఈ రొట్టె మీద నాలుగొందల సార్లు రాసి ఉంటాడు. చేసింది ఎప్పుడో కాలేజీ రోజుల్లో, అదీ మాడింది. ముద్ద చేసి, పైన కత్తితో అడ్డంగా, నిలువుగా గీశాడు.

"అదేం గీత, పిల్లి గీరినట్టు? అడుగుదాకా దింపు."

దింపాడు.

"నలుగురు పిల్లలం కదా మేము. కత్తి లేకుండా విరిస్తే నాలుగూ సమానంగా రావాలి. లేకపోతే కొట్టుకు చచ్చేవాళ్ళం. మా టామ్ లివర్‌పూల్ వెళ్ళిపోయాక కూడా అమ్మ నాలుగే కోసేది. వాడి ముక్క రాత్రిదాకా పళ్ళెంలో ఉండేది. పొద్దున్నే కోళ్ళకు."

"అది నేను రాశాను, మిసెస్ ఫీనీ. అంతా రాశాను."

"రాశావేమో. అచ్చులో నేను చూళ్ళేదు."

రొట్టె పొయ్యిలో పెట్టాడు. ఆమె కాగితం ఒళ్ళో పెట్టుకుని, వాసన వచ్చాక లేపమని కళ్ళు మూసుకుంది. అతను పింగాణీ పళ్ళెం, కప్పులు కడిగాడు. వాన నిలిచింది. వాసన వచ్చింది. రొట్టె తీసి, తిరగేసి, అడుగున వేలితో తట్టాడు. బోలుగా మోగింది.

"అయినట్టేనా?" అని తిరిగాడు.

కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. అల్లం కొమ్ముల్లాంటి వేళ్ళు కాగితం మీద ఉన్నాయి. పెన్ను మూత తీసి ఉంది.

నాలుగు కొట్టేసరికి ఊనా వచ్చింది, డాక్టరు వచ్చాడు, పక్క పొలం డినీ టోపీ చేతపట్టుకుని వచ్చాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"పెట్టిందా సంతకం?" అంది సెలిన్.

"ఆమె పోయింది."

"అయ్యో. దేవుడు ఆమె ఆత్మను చల్లగా చూడాలి." అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అయితే పేరు ముందు కీర్తిశేషురాలు అని చేర్పిస్తా. దానికైతే ఒక పావుగంట ఆపుతారు."

ఊనా ఏడుస్తూనే టీ కలిపింది. రొట్టె ఇంకా వేడిగానే ఉంది. కత్తి కోసం చూసింది గానీ అవసరం పడలేదు.

"మెల్లగా విరువమ్మా, గుట్టవాళ్ళు లేచిపోతారు" అన్నాడు డినీ ప్రేమగానే. డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. ఊనా ఏడుపులోనే నవ్వింది.

"ఆమె ఆ మాట అనలేదు" అన్నాడు మలాకీ.

"అనకపోతే ఏం, భలే మాట" అన్నాడు డినీ వెన్న రాసుకుంటూ.

ముగ్గురూ మూడు ముక్కలు తీసుకున్నారు. ఊనా పళ్ళెం తన వైపు జరిపినా మలాకీ చెయ్యి చాపలేదు. సంతకం లేని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సైకిలు దగ్గరికి నడిచాడు.

పళ్ళెంలో నాలుగో ముక్క చల్లారుతోంది, వెన్న రాయకుండా, రెండు వైపులా అడుగుదాకా తిన్నగా తెగి.