బిళ్ల తరవాత నీళ్లు

బేరంలో నాకు నోరు ఆగేది కాదు. తాళాలు, తలుపు బందులు, గొళ్లేలు అమ్మే కొట్టు పెట్టిన కొత్తలో, గిరాకీ మొహం చిట్లించకముందే నేనే ధర దించేసేవాణ్ణి. మా ఆవిడ చూసి చూసి ఒకరోజు నా నోట్లో పిప్పరమెంటు బిళ్ల కుక్కింది.

"ఇది కరిగేదాకా పెదవి కదిపారో, రాత్రికి అన్నం పెట్టను."

కొట్టు అప్పట్నుంచే నిలదొక్కుకుంది. గిరాకీ వాగుతూ ఉంటాడు. నేను బిళ్లను ఎడమ దవడకి నొక్కిపెట్టి తల ఊపుతూ ఉంటాను. విసిగిపోయి అతనే దారికొస్తాడు. అతను మెట్లు దిగగానే ఆవిడ పక్క స్టూలు మీంచి లేచి, గాజు గ్లాసుతో నీళ్లిచ్చేది.

"పుక్కిలించండి. ఏదీ, నోరు చూపించండి."

చిన్నపిల్లాడిలా తెరిచేవాణ్ణి.

ఆవిడ పోయాక ఆ స్టూలు మీద తాళాల పెట్టెలు పేర్చాను. బిళ్లలు మాత్రం మానలేదు సరికదా, గిరాకీ లేనప్పుడు కూడా బుగ్గన ఒకటి ఉండాల్సిందే. అది కరుగుతున్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చుని నా నోటికి కాపలా కాస్తున్నట్టుండేది. రాత్రి పడుకునేముందు కూడా ఒకటి వేసుకుని అలాగే నిద్రపోయేవాణ్ణి.

పొద్దున పళ్లు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చేది. పట్టించుకోలేదు. దవడపన్ను ఊగడం మొదలయ్యాక మా అమ్మాయి నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసింది. "తీపి బాగా తింటారా?"

"లేదు తల్లీ. ఒక్క బిళ్ల చప్పరిస్తానంతే."

"అది అయిపోగానే ఇంకోటి. అది కూడా చెప్పు నాన్నా," అంది మా అమ్మాయి.

"ఎంత తిన్నారని కాదండీ, ఎంతసేపు నోట్లో ఉందని చూడాలి. తీపి ఉన్నంతసేపూ క్రిములు యాసిడ్ తయారుచేస్తూనే ఉంటాయి. పన్ను తేరుకోడానికి వ్యవధి ఉండదు."

ఇది నా భాషే. సరుకు కొంచెమే, కానీ గోదాములో దించి తీయకుండా వదిలేశాను. అద్దె తడిసి మోపెడయింది.

"రాత్రి తోముకోకపోతే పాచి గట్టిపడి చిగురు పన్నుని వదిలేస్తుంది. బిళ్ల తరవాత నీళ్లతో పుక్కిలిస్తారా?"

"మా ఆవిడ ఇచ్చేది."

అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. ఆవిడ నాకు అలవాటు చేసినవి రెండు. తియ్యనిది ఉంచుకుని, చప్పనిది వదిలేశాను.

డాక్టరమ్మ ఊగే పన్ను తీసేసింది. "పక్కది కూడా వదులుగానే ఉంది. అది దక్కాలంటే బిళ్లలు పూర్తిగా మానాలి. రాత్రి మెత్తటి బ్రష్షుతో తోమాలి."

"రోజుకొకటి?" అన్నాను.

ఆమె బదులివ్వకుండా చేతులు కడుక్కోడానికి వెళ్లింది. బిళ్ల లేకుండానే బేరమాడటం వచ్చినట్టుంది.

పుండు మానాక కొట్టు తెరిచాను. బిళ్లల డబ్బా అమ్మాయి పట్టుకుపోయింది. మొదటి గిరాకీ మేస్త్రీ.

"ధర చూసి చెప్పు బాబాయ్. ఇవే బందులు పక్క వీధిలో ఇంకా చవగ్గా ఇస్తున్నాడు."

తగ్గించే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ నాలుకే ఎడమ దవడలో ఖాళీ చోటికి వెళ్లింది. పన్ను లేదు, బిళ్ల లేదు. అయినా అక్కడే తడుముతూ ఉండిపోయింది.

"ఏంటి బాబాయ్, అలిగావా? సర్లే, నువ్వన్న ధరకే కట్టు."

మేస్త్రీ వెళ్లాక స్టూలు మీది పెట్టెలు దించాను. వెనక గదిలో బోర్లించి ఉన్న గాజు గ్లాసు కడిగి, నీళ్లు పట్టుకుని పుక్కిలించాను. స్టూలు వైపు తిరిగి నోరు తెరిచాను. మెట్ల మీద ఎవరివో చెప్పుల చప్పుడైతే మూసుకున్నాను.