చదివి చెప్పరా

ఆపరేటర్ ఫోన్ చేసిన ప్రతిసారీ లెక్కల టీచరు తన ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టేసేది. పదహారు రోజుల్లో పదకొండు సార్లు చేశాడాయన. మోగి మోగి ఆగిపోయేదాకా పక్కనే కూర్చుని వినేదే తప్ప ఎత్తేది కాదు. ఒకసారి ఆటోలో ఇంటికే వచ్చాడు. పడుకున్నానని పక్కింటావిడ చేత చెప్పించి పంపేసింది. నలభై ఏళ్ళుగా స్నేహితుడైన తన భర్త పోతే కడసారి చెయ్యి పట్టుకోవడానికి రాని మనిషితో ఇంకా మాటలేమిటని ఆమె కోపం.

ఆయన కరెంటాఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఆమె భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. సాయంత్రం ఆరైతే చాలు, ఈయన ఫోన్ పట్టుకుని పేపరు చదివేవాడు, అవతల ఆయన ఒక్కో వార్తకూ వంక పెట్టేవాడు. పక్కన టీ చల్లారిపోయేది. "మీరిద్దరూ పెళ్ళి చేసుకోవలసింది, నా పాఠాలేవో నేను చెప్పుకుంటూ హాయిగా ఉండేదాన్ని" అని ఆమె ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. అలాంటి మనిషి ఆ రోజు అంతిమయాత్ర కదిలే నాలుగింటికి రాలేదు.

కబురు అందకపోవడమనే మాటే లేదు. మరిది అందరికీ పంపాడు. అతనికి బజారు చివర సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఫోన్లు బాగుచేయడంలో కన్నా మాటలకు ముస్తాబు చేయడంలో అతనికి పేరెక్కువ. మామూలుగా టైపు చేసిన మాటను ఒక సైటులో వేస్తే అది వంద వేషాలు కట్టుకుని బయటికొస్తుంది. తీగల్లా మెలికలు తిరిగినవి, గళ్ళలో కూర్చున్నవి, కిరీటం పెట్టుకున్నవి. నచ్చినదాన్ని కాపీ చేసుకోవడమే పని. ఆ రోజు ఉదయం ఆసుపత్రి వరండాలో నిలబడి, తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, అన్న చావు కబురుకీ అదే ముస్తాబు చేశాడు. చుట్టూ నక్షత్రాలు, నడుమ మెలికల అక్షరాలు. పంపేముందు వదినకు చూపించాడు. ఆమె టైము ఒక్కటి సరిచూసి తలూపింది.

పదిహేడో రోజు ప్రెస్సువాళ్ళు సంతాప సభకు ఫొటో కావాలన్నారు. మంచి ఫొటో ఏదైనా ఉంటుందేమోనని ఆమె భర్త ఫోన్‌ని ఛార్జింగుకు పెట్టి తెరిచింది. అన్నిటికన్నా పైన ఆపరేటర్ మెసేజి ఉంది. ఆ రోజుదే. పొద్దున్న పదీ నలభైకి, మరిది పంపిన కబురునే ఆయన ఈ ఫోన్‌కు పంపాడు. కింద ఆయన గొంతు.

"ఒరేయ్, మీ తమ్ముడు మళ్ళీ ఏదో పంపాడురా. నా ఫోన్ నక్షత్రం నక్షత్రం అని మొత్తుకుంటోంది. ఎవరిదో పుట్టినరోజనుకుంటా. తీరిక చూసుకుని చదివి చెప్పరా."

సాయంత్రం ఆరూ పదికి ఇంకొకటి.

"ఏరా, ఇవాళ పేపరు లేదా?"

అప్పటికి దహనం అయిపోయింది. వెళ్ళినవాళ్ళు ఇళ్ళకు చేరిపోయారు కూడా.

వాళ్ళిద్దరి మధ్య ఆ అలవాటు ఉందని ఆమెకు తెలుసు. ఆపరేటర్ ఫోన్ మెసేజుల్ని పైకి చదివి వినిపిస్తుంది. అది చదవలేక తడబడిందల్లా ఆయన ఇటు పంపేవాడు, భర్త వెంటనే ఫోన్ చేసి చదివి చెప్పేవాడు. తెలిసీ, మరిది కబురు ఆయనకు వినబడదని ఆమెకు తట్టలేదు. ఏడుపు రాలేదు. ఒళ్ళు మాత్రం భగ్గుమంది. ఆ ఫోన్ పట్టుకుని, తలుపుకు తాళం కూడా వేయకుండా బజారుకు నడిచింది.

దుకాణంలో ఒక కాలేజీ పిల్ల తన పేరుకు రెండు వైపులా సీతాకోకచిలుకలు పెట్టించుకుంటోంది. మరిది వదినను చూసి లేచి స్టూలు తుడిచాడు. తనే వద్దామనుకుంటున్నానని, సభ కబురు తయారైందని తన ఫోన్ చూపించాడు. రెండు కొవ్వొత్తుల మధ్య అన్న పేరు మెలికలు తిరుగుతోంది. చావు కబురుకు వెయ్యిమందికి పైగా గుండె బొమ్మలు పెట్టారని, ఇది అంతకన్నా బాగా వచ్చిందని అన్నాడు.

"చూపులేనివాళ్ళకు చదివి వినిపించే ఏర్పాటు నీ ఫోన్‌లోనూ ఉంటుందిగా. అది పెట్టు," అందామె.

అతనికి అర్థం కాలేదు. అయినా ఆమె ముఖం చూసి వెతికి పెట్టాడు. ఆ రోజు పంపిన కబురు తెరవమంది. ఫోన్ గొంతు విప్పింది. నల్ల నక్షత్రం, నల్ల నక్షత్రం, మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ క్యాపిటల్... ఒక్కో అక్షరానికీ అదే దండకం. కాలేజీ పిల్ల కిసుక్కున నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఊరుకుంది. అవి మాటలు రాసుకునే అక్షరాలు కావని, లెక్కల పుస్తకాల కోసం చేసిన గుర్తులని లెక్కల టీచరుకు అప్పుడే తెలిసింది. ఆమె దాన్ని చివరిదాకా చదవనిచ్చింది.

"మీ అన్న పేరు వినబడిందా?"

"లేదు వదినా."

"చనిపోయాడన్న మాట?"

ఆమె తన భర్త ఫోన్ తీసి ఆపరేటర్ మాటలు రెండూ వినిపించింది.

"అందరూ బాగుందన్నారు వదినా. మీరూ చూశారు కదా."

"చూశాను. ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దినదాన్ని, టైము చూసి వదిలేశాను. పైగా ఆయన ఇంటికొస్తే తలుపు తీయలేదు. ఆ తప్పు నాది, నేనే మోస్తాను. నీ వంతు మాత్రం నేను మోయను."

ఆమె తన ఫోన్ తీసి స్పీకరు పెట్టి ఆపరేటర్‌కు చేసింది. మొదటి మోతకే ఎత్తాడు.

"చెల్లెమ్మా, నాకు మర్నాడు గానీ తెలియలేదు. నేను ఆ రోజు..."

"ముందు నన్ను చదవనివ్వండి అన్నయ్యా. మీరు చదివి చెప్పమని పంపింది ఇప్పుడు చదువుతున్నాను."

మరిది రాసినదాన్ని ఆమె మొదటి నుంచి చదివింది. తరగతిలో లెక్క చదివినట్టే, ఒక్కో మాటా విడివిడిగా. మా అన్నయ్య ఈ తెల్లవారుజామున కన్నుమూశారు. సాయంత్రం నాలుగు గంటలకు ఇంటి నుంచి తీసుకువెళ్తాం. చూడదలచినవాళ్ళు రాగలరు.

"నాలుగింటికా," అన్నాడు ఆపరేటర్. "నాలుగింటికి ఇంట్లోనే ఉన్నానమ్మా. ఆరెప్పుడవుతుందా అని కూర్చున్నాను."

మరిది కళ్ళు తుడుచుకుంటూ స్పీకరు ఆపబోయాడు. ఆమె అతని చెయ్యి పక్కకు నెట్టి, ఫోన్‌ని అతని ముందుకు జరిపింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు."